మూడు చేదల నీళ్ళు

మా అమ్మాయి కాన్పయి ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన మూడో రోజు పొద్దున, మా అత్త కొంగుముడి విప్పి, తుప్పుపట్టిన తాళంచెవి ఒకటి తీసి నా కాఫీ లోటా పక్కన పెట్టింది.

“బాయి తెరువు అమ్మిణీ. ఇరవయ్యొకటో దినం బిడ్డ చేద వెయ్యాల” అంది.

నేను లోటా తీసుకున్నాను గాని తాళంచెవిని ముట్టుకోలేదు. ఆ తాళం వేయించింది నేనే. తోటలో ఉన్న మా నూతి మీద ఇనుప కమ్మీల మూత పెట్టించి, తాళం బిగించి, చెవి తెచ్చి ఆమె చేతికే ఇచ్చి పన్నెండేళ్ళు దాటింది. ఏడాదికి నాలుగుసార్లు కమ్మీల సందులోంచి సీసా దించి నీళ్ళు తీస్తాను గాని, ఆ చెవి నేను ఏనాడూ అడగలేదు, ఆమె ఇవ్వలేదు.

మా ఇళ్ళలో బాలింత ఇరవయ్యొకటో రోజున తలకు పోసుకుని, నూతికి పసుపు రాసి బొట్టు పెట్టి, మూడు చేదలు తోడి, ఆ బిందె చంకనెత్తుకుని వంటింట్లోకి రావాలి. బిందె దించేదాకా ఆమె బాలింత, దించాక ఇంటి మనిషి. మా అత్త ఆ నూతిలోనే చేద వేసింది. ఆమె అత్తా వేసింది. నేనూ వేశాను, కాస్త ఆలస్యంగా. ఎనభై దాటిన ఆమెకు ఇప్పుడున్న కోరిక ఒకటే, మనవరాలు కూడా ఆ నీళ్ళే తోడాలి. నా పట్టుదలా ఒకటే, ఆ నీళ్ళు నా బిడ్డ ఉన్న ఇంటి గడప దాటి లోపలికి రాకూడదు. వాటిలో ఏముందో ఈ ఊళ్ళో అందరికంటే నాకే బాగా తెలుసు. తెలుసుకోవడమే నా ఉద్యోగం.

“పైపుకు బొట్టు పెడితే చాలదా అత్తా? ఇప్పుడు అందరూ అదే చేస్తున్నారు.”

“పైపుకా? మదురైలో మీ అమ్మ చేసినట్లా?”

ఇరవయ్యేడేళ్ళుగా ఈ ఒక్క మాటతో నా నోరు మూయిస్తోంది ఈ మనిషి. నా నోరు మూయించడం మామూలు పని కాదు. మా ఆయన్ని అడగండి, చెబుతాడు. అసలు అడగనక్కర్లేదు, ఆ పొద్దున మేమిద్దరం గొంతు పెంచగానే ఆయన చెప్పులు వేసుకుని ఎటో వెళ్ళిపోయాడు.

నేను పుట్టి పెరిగింది మదురైలో, గోడకు గోడ ఆనుకుని ఉండే తెలుగు ఇళ్ళ సందులో. బడిలో అరవం, కాలేజీలో ఇంగ్లీషు, తెలుగు అక్షరాలు మాత్రం మా నాన్న పలక మీద దిద్దించినవి. సందు మొత్తానికి ఒకటే చేతిపంపు. కాన్పుకు పుట్టింటికి వెళ్ళినప్పుడు మా అమ్మ ఆ పంపుకే పసుపు రాసి, పిడికి బొట్టు పెట్టించి, నాతో మూడుసార్లు కొట్టించింది. నా వెనక ప్లాస్టిక్ బిందెలతో ఎనిమిది మంది వరుస కట్టి, “మొక్కింది చాల్లే అక్కా, సీక్కిరం తప్పుకో” అని గోల. అదీ నా గంగపూజ.

మూడో నెలలో బిడ్డనెత్తుకుని ఇక్కడికి వస్తే, మా అత్త వాకిట్లోనే ఆపి అడిగింది, “చేద వేస్తివా?” అని. వేశాను అని ఊరుకుంటే పోయేది. కాలేజీ చదివినదాన్ని గదా, జరిగింది జరిగినట్లు చెప్పాను. ఆమె ద్వారబంధం పట్టుకుని నవ్వింది. “ఏమయ్యా, విన్నావా? నీ కోడలు ఇనుప పంపుకు బొట్టు పెట్టి వచ్చిందంట! రేపు మోటారుకు మంగళసూత్రం కడతాదేమో!” అని లోపలున్న మా మామకు వినబడేటట్లు అరిచింది. చీరైనా మార్చుకోనివ్వకుండా నన్ను అలాగే తోటకు నడిపించింది.

కోయంబత్తూరు నుంచి కినత్తుకడవుకు పోయే దారిలో కాస్త పక్కకు తిరిగితే వస్తుంది మా ఊరు. ఎన్ని వందల ఏళ్ళ కిందట వచ్చి దిగారో ఎవరికీ తెలియని తెలుగు కాపుదనపు ఇళ్ళు, చుట్టూ కొబ్బరి తోటలు. మా తోట నడుమ ఆ నుయ్యి. మదురై సందులో పెరిగినదాన్ని, అంత నుయ్యి నేను అంతకుముందు చూడలేదు. ఇల్లు పట్టేంత వెడల్పు, నల్లరాతి గోడలు, గోడలోంచి పళ్ళలా బయటికి పొడుచుకొచ్చిన రాతిమెట్లు. గిలక కిర్రుమంటే కొబ్బరి మట్టల్లోంచి పావురాలు లేచేవి. మొదటి చేద పైకి వచ్చినప్పుడు మా అత్త దోసిలి పట్టమంది. తాగాను. ఆ నీళ్ళ రుచి ఎలా ఉండేదో ఇన్నేళ్ళయినా మాటల్లో పెట్టలేకపోతున్నాను. రాయి చల్లదనం ఉండేది, చివర్లో నాలుక మీద సన్నటి తీపి. “ఇప్పుడు చెప్పు, మీ పంపు మేలా, మా గంగమ్మ మేలా?” అంది. జవాబు చెప్పే తీరిక లేదు నాకు, రెండో దోసిలి తాగుతున్నాను.

మధ్యాహ్నం మా మామ ఆ నూతి గట్టు మీదే మజ్జిగ చెంబుతో కూర్చునేవాడు. మా అమ్మాయికి ఆరో ఏట నడుముకు ఎండు సొరబుర్రలు కట్టి అందులోనే ఈత నేర్పాడు. వానాకాలం కొత్తనీరు దిగి నుయ్యి బురద తేలితే, మా అత్త బిందె లోపల చిల్లగింజ అరగదీసేది. గంట సేపటికి మట్టంతా అడుగుకు దిగి, పైన నీళ్ళు అద్దంలా తేటపడేవి. ఆ గింజ గీతలు ఇప్పటికీ మా పాత రాగి బిందె లోపల కనిపిస్తాయి. కొన్నిసార్లు ఊరికే వేలు పెట్టి తడుముతుంటాను.

తోటకు తూర్పున ఒక పల్లం. నగరం చెత్త అక్కడ పోసేవాళ్ళు. నేను వచ్చిన కొత్తలో దాన్ని ఎవరూ తిట్టలేదు, పైగా మా ఊరివాళ్ళు బండ్లు కట్టుకుపోయి దాన్ని ఎరువుకని ఎత్తుకొచ్చేవాళ్ళు. అంతా మట్టి, ఆకులు, అరటి బోదెలు, కుళ్ళిన కూరగాయలు. తర్వాత అందులో ప్లాస్టిక్కు, బ్యాటరీలు, మందు డబ్బాలు వచ్చి చేరాయి. పల్లం నిండింది, నిండి గుట్టయింది. ఊళ్ళో అందరూ దాన్ని అరవంలో కుప్పమేడు, అంటే చెత్తగుట్ట, అనడం మొదలుపెట్టారు.

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళప్పుడు, ఒక వానాకాలం, ఆ మేడు వైపు నుంచి మా సరిహద్దు కాలవలోకి నల్లటి నీళ్ళు వచ్చాయి. ఫిల్టర్‌లోంచి దిగిన మొదటి డికాషన్ రంగు. మా మామ వంగి కొంచెం అరచేతిలోకి తీసుకుని, నన్ను పిలిచాడు.

“దీంట్లో ఏముండాది అమ్మిణీ? నువ్వు కెమిస్ట్రీ చదివిన పిల్లవు గదా.”

ఆ ఇంట్లో నా చదువు సంగతి ఎవరైనా అడగడం అదే మొదటిసారి. అప్పటిదాకా నా డిగ్రీ సాంబారులో పులుపు ఎక్కువైనప్పుడు ఎత్తిపొడవడానికే పనికొచ్చేది. నేను వంగి వాసన చూశాను. ముక్కు అదిరింది. “అమ్మోనియా మామా! అంటే నైట్రోజన్ ఉంది. యూరియా రూపంలో మనం చెట్లకు వేసేదీ అదే. చెట్లకు మంచిది” అన్నాను. ఇంకేముందో నాకు తెలియదు. తెలియదని చెప్పాలన్న ఆలోచనే రాలేదు.

“అట్లనా!” అన్నాడు. ఆ సాయంత్రమే పార తీసుకుపోయి కాలవను కొబ్బరి పాదుల వైపు తిప్పాడు. నూతి చుట్టూ ఉన్న చెట్లకు ముందు పారింది.

రెండేళ్ళపాటు ఆ చెట్లను చూడటానికి కినత్తుకడవు నుంచి కొబ్బరి రైతులు వచ్చేవాళ్ళు. ఆకు నల్లగా నిగనిగలాడింది, గెల గెలకూ కాయలు కిక్కిరిసి కాశాయి. వచ్చినవాళ్ళందరికీ మా మామ ఒకటే చెప్పేవాడు, “మా కోడలు చెప్పింది.” నేను లేత బొండాం కొట్టి ఇస్తూ, పక్కనే నిలబడి, ఆ మాట మళ్ళీ ఎప్పుడంటాడా అని ఎదురు చూసేదాన్ని.

మూడో ఏడు ఆకుల కొసలు మాడాయి. పిందెలు రాలాయి. నూతి నీళ్ళు ముందు పలచటి టీ రంగుకు తిరిగాయి. కొత్తనీరేమో అనుకుని మా అత్త చిల్లగింజ తీసింది. అరగదీసింది, అరగదీసింది, బిందె తెల్లారేదాకా అలాగే ఉంచింది. ఏమీ దిగలేదు. మట్టయితే గింజకు లొంగుతుంది, ఇది నీళ్ళలో కరిగి కూర్చున్నది. “గింజ అరిగిపాయె గాని నీళ్ళు తేలలా అమ్మిణీ” అంది, అరిగిన గింజను అరచేతిలో పెట్టి చూపిస్తూ. పప్పు ఉడకడం మానేసింది. అన్నం పసుపుపచ్చగా, ఏదో వాసనగా వచ్చేది. మా మామ వెళ్ళి కాలవకు అడ్డంగా మట్టి వేశాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆయన నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే ఎదురు వాదించేదాన్ని. మేడు కిందనుంచి ఎలాగూ ఊరేది మామా, కాలవ ఒక్కటే కారణం కాదు, పక్క తోటలవాళ్ళ నూతులూ చెడ్డాయి గదా, అని. అవన్నీ నిజాలే. కానీ మా నుయ్యి అందరికంటే ముందు చెడింది, అందరికంటే ఎక్కువ చెడింది. తిట్టని మనిషితో వాదించడం నాకు చేతకాలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆయన పోయాడు. మా అత్త కూడా పంపు సంగతి వందసార్లు ఎత్తింది గాని, కాలవ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు.

కుప్పమేడు పక్కన లీచేట్ శుద్ధి చేసే ప్లాంటు వచ్చి, శాంపిళ్ళు పరీక్ష చేయడానికి కెమిస్ట్రీ చదివినవాళ్ళు కావాలన్నప్పుడు, ఇంట్లో ఎవరినీ అడగకుండా వెళ్ళి చేరిపోయాను. మొదటి వారంలోనే మా నూతి నీళ్ళు పరీక్ష చేశాను. రెండో వారంలో మూత పెట్టించాను.

లీచేట్ అంటే అడిగేవాళ్ళకు మా వంటింటి ఫిల్టరే చూపిస్తాను. పైగిన్నెలో కాఫీపొడి బదులు ఊరి చెత్త, వేడినీళ్ళ బదులు వాన. కిందికి దిగే డికాషనే లీచేట్. మా మేడుకు ఏళ్ళ తరబడి లేనిది కిందిగిన్నె. నేలే కిందిగిన్నె అయింది. ఇప్పుడు కొత్తగా చెత్త పోసేచోట అడుగున మందపాటి నల్లషీటు పరిచారు, దాని మీద చిల్లుల గొట్టాలు వేశారు. దిగినదంతా గొట్టాల్లోంచి ప్లాంటు లోపలి చెరువులోకి వస్తుంది. పాత మేడు కింద షీటు వేయడం ఇక ఎవరి తరమూ కాదు గనక దాని చుట్టూ కందకం తవ్వి, ఊరేదాన్ని ఊరినట్లే పంపులతో తోడి అదే చెరువులో పోస్తున్నారు. అక్కడి నుంచి గాలి ఊదే తొట్టెల్లోకి పోతుంది. అందులో పెరిగే సూక్ష్మజీవులు అమ్మోనియాను తింటాయి. వానాకాలం తొట్టెల మీద నురగ మనిషెత్తు లేస్తుంది. చివర్లో సన్నటి పొరల గుండా ఒత్తిడితో తోస్తే ఈ పక్క తేటనీళ్ళు వస్తాయి, ఆ పక్క చిక్కటి ఉప్పు మడ్డి మిగులుతుంది. ఆ మడ్డిని ఏం చేయాలో ఎవరికీ తెలియదు. మళ్ళీ మేడు మీదే చల్లుతారు.

“ఇదేం శుద్ధి సార్? దించిన బరువును మళ్ళీ మన నెత్తికే ఎత్తుకుంటున్నాం గదా!” అని మా ఇంజనీరుతో నెలకు ఒకసారైనా పెట్టుకుంటాను. అతను నా కంటే ఇరవయ్యేళ్ళు చిన్న. “మేడమ్, మీరు శాంపిల్ ఎడుంగ, పోదుం” అంటాడు. శాంపిల్ తీయండి చాలు, అని. శాంపిల్ తీస్తాను, మాట కూడా అంటాను.

అత్త తాళంచెవి పెట్టిన మర్నాడు నూతి నీళ్ళు మళ్ళీ పరీక్ష చేశాను. నమ్మకం చాలక ఇంకోసారి కూడా చేశాను. అమ్మోనియా బాగా తగ్గింది. కందకం పంపులు ఆడుతున్నాయి గనక తగ్గాలి కూడా. రంగు పలచబడింది. ఉప్పు మాత్రం పట్టిన పట్టు విడవలేదు. తాగడానికి పనికిరావు, వండటానికీ పనికిరావు. ఇంటికి వచ్చి అదే చెప్పాను.

“తగ్గింది అంటావుండావు గదా, మళ్ల ఏమి?” అంది అత్త.

“తగ్గింది గాని పోలేదు. జ్వరం తగ్గితే లేచి పొలానికి పోతామా?”

మా అమ్మాయి బిడ్డకు పాలిస్తూ లోపలి నుంచి అరిచింది. “అమ్మా, అవ్వా, కొంచెం నిలపండి! నేను ఆ బాయిలోనే ఈత నేర్చుకుంటిని. చేద వేస్తా. నీళ్ళు ఇంట్లోకి తేను. సరియా ఇద్దరికీ?”

“సరి కాదు” అన్నాం ఇద్దరం ఒకేసారి. ఆ వారమంతటికీ మేము ఏకీభవించింది అక్కడే.

“బిందె ఇంటికి రాకపోతే అది చేద వేసినట్లే కాదు” అంది అత్త. “తోడి నేలన పోసేస్తారా, ఎట్ల?”

“ఆ నేల మీద ఒక్క చుక్క పడనివ్వను. పోసింది పోసినట్లు నూతిలోకే దిగుతుంది. ఒకసారి చూశాం గదా.”

అనేశాక గాని తెలియలేదు ఏమన్నానో. పంతొమ్మిదేళ్ళలో ఆ ఇంట్లో కాలవ మాట రావడం అదే మొదలు, అదీ నా నోటి నుంచే. అత్త ఒడిలో ఉన్న చేటలో కందిపప్పు ఏరుతూ, రాయి లేనిచోట కూడా రాయి వెతికింది.

“మూడు చేదలూ డబ్బాలో పోసి ప్లాంటుకు తీసుకుపోతాను” అన్నాను, కాస్త గొంతు తగ్గించి.

“గంగమ్మను డబ్బాలో పోసి కుప్పమేడుకు పంపిస్తావా?”

“ఆస్పత్రికి పంపిస్తున్నాననుకో.”

ఆమె చేట కింద పెట్టింది. “ఆస్పత్రికి పోయినోళ్ళు ఇంటికి తిరిగి రావాల అమ్మిణీ. తీస్కపోతే తీస్కరావాల. అదీ ఆ పొద్దే.”

ఇరవయ్యొకటో రోజున తాళం తెరుచుకోలేదు. కొబ్బరినూనె పోసి, పావుగంట పోరాడితే వచ్చింది. మూత తీస్తే లోపలి నుంచి చల్లగాలి వచ్చింది. ఎన్ని మాట్లాడినా ఆ చల్లదనం మాత్రం చెడలేదు. మా అమ్మాయి చేతులకు ల్యాబు గ్లవుసులు తొడిగించాను. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని దూరంగా కూర్చున్న అత్త, “గాజుల మీద గ్లవుసు! బాగుండాది అలంకారం” అంది. గిలక కిర్రుమంది. పావురాలు లేవలేదు, ఆ కొబ్బరిచెట్లలో ఇప్పుడు ఒక్క చెట్టే నిలిచి ఉంది. మా అమ్మాయి మూడు చేదలు తోడి డబ్బాలో పోసింది. అత్త వచ్చి డబ్బాకు పసుపు రాసి, దాని మీద నేను అంటించిన శాంపిల్ చీటీ నడిమధ్యన బొట్టు పెట్టింది.

స్కూటర్ కాళ్ళ దగ్గర పెట్టుకుని పోతే మా ఇంజనీరు గేటు దగ్గరే చూశాడు. “ఎన్న మేడమ్, డబ్బావుక్కు పూజైయా?” అన్నాడు, డబ్బాకు పూజా, అని.

“పేషెంట్ సార్. లోపలికి రానివ్వండి” అన్నాను. నవ్వాడు గాని, నేను చెరువులో పోసేదాకా పక్కనే నిలబడ్డాడు. అవతలి చివర గొట్టం కింద ఇంకో డబ్బా పెట్టి, శుద్ధయి వస్తున్న నీళ్ళు నింపింది అతనే.

ఇంటికి వస్తే అత్త గడపలోనే కూర్చుని ఉంది. “ఇవి ఆ నీళ్ళేనా?”

అవునంటే ఎంత సంతోషపడేదో. “కాదత్తా. ఆ నీళ్ళు తేలడానికి ఇంకా కొన్నాళ్ళు పడుతుంది. ఇవి ముందు పోయిన నీళ్ళు.”

“అక్క పోతే చెల్లి వచ్చిందా?” మూత తీసి వాసన చూసింది, వేలు ముంచి రాసి చూసింది. “వాసనా లేదు, జిడ్డూ లేదు. తాగొచ్చునా?”

“తాగకూడదు. చెట్లకు పోయొచ్చు.”

ఆలోచించింది. పాత రాగి బిందె తెప్పించి అందులో పోయించి, మనవరాలి చంకన పెట్టింది. “వంటింటి గడపకు తాకించి వచ్చేయి. లోపల దించొద్దు. ఇది ఇంకా పథ్యంలో ఉండే గంగ” అంది. అలాంటి సడలింపు శాస్త్రంలో ఎక్కడుందని అడగబోయి ఊరుకున్నాను. రాగి బిందె గడపకు తగిలి టంగుమంది. అప్పుడు అత్త కళ్ళు మూసుకుంది.

తర్వాత అందరం తోటకు నడిచాం. మిగిలిన ఆ ఒక్క కొబ్బరి పాదులో నేనే బిందె వంచాను. తేటగా, ఏ రంగూ లేకుండా దిగిపోతున్న నీళ్ళను అత్త చాలాసేపు చూసింది.

“మీ మామ ఉండుంటే అడిగుండును. దీంట్లో ఏముండాది అమ్మిణీ, అని.”

ప్లాంటులో డబ్బా నింపుకునేటప్పుడు కూడా పరీక్ష చేసిన నీళ్ళే. కాగితం నా చేతిసంచిలో ఉంది. తీసి అంకెలు ఇంకోసారి చూసుకున్నాను. “పెద్దగా ఏమీ లేదత్తా. నాకు తెలిసినంత వరకు.”

“నాకు తెలిసినంత వరకు!” అని ఆమె అచ్చం నా గొంతుతో వెక్కిరించింది. “ఈ మాట ఆ పొద్దే చెప్పుంటే ఎంత మేలు.”

మేడు కిందనుంచి ఎలాగూ ఊరేది, పక్క తోటల నూతులూ చెడ్డాయి, అన్నీ వరుసగా నోటిదాకా వచ్చాయి.

“నిజమే అత్తా” అన్నాను.

ఆమె తల తిప్పి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. బిడ్డను ఒక చేతిలోకి మార్చుకుని, రెండో చేత్తో నా నుదురు తాకింది.

“ఏమి అమ్మిణీ,” అంది, “ఒళ్ళు బాగలేదా?”